చదవని నూట అరవై పేజీలతో ఆదోనికి

నేను ఆదోని వెళ్లడానికి కారణం ఒక సంతకం.

గుంటూరు దగ్గర ఒక విశ్వవిద్యాలయంలో పంతొమ్మిదేళ్లుగా చరిత్ర చెబుతున్నాను. పోయిన నవంబరులో ఒక సోమవారం, రెండు సమావేశాల మధ్య దొరికిన పది నిమిషాల్లో, మా ఆఫీసు సూపరింటెండెంటు సూర్యనారాయణగారు తెచ్చిన కాగితాల కట్ట మీద నిలబడే సంతకాలు పెట్టాను. గురువారం ఆయన మళ్లీ వచ్చారు.

"మేడమ్, నాగవేణి ఫైలు పైకి పంపమంటారా? మీరు ఒకసారి ఆ అమ్మాయితో మాట్లాడతారేమోనని ఆపాను."

ఏ ఫైలు అని అడిగాను. ఆయన ఒకసారి నా ముఖం చూసి, వెళ్లి కాగితం తెచ్చి బల్ల మీద పెట్టారు. సొంత కారణాల వల్ల పరిశోధన విరమించుకుంటున్నానని నాగవేణి రాసిన దరఖాస్తు అది. 'పర్యవేక్షకురాలికి అభ్యంతరం లేదు' అన్న వాక్యం కింద నా సంతకం ఉంది.

నాగవేణి నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇంటి బిడ్డ. ఆదోనిలో జిన్నింగు మిల్లులు, అంటే పత్తిలోంచి గింజను వేరుచేసే మిల్లులు, చాలా ఉన్నాయి. వాటిలో పనిచేసిన ఆడవాళ్ల మీద ఆమె పరిశోధన. జనవరిలో మూడు, నాలుగు అధ్యాయాలు, రెండూ కలిపి నూట అరవై పేజీలు, తెచ్చి ఇచ్చింది. పది నెలలు అవి నా బల్ల మీదే ఉన్నాయి. మూడుసార్లు మెయిలు పెట్టింది. మూడుసార్లూ 'ఈ వారాంతంలో తప్పకుండా చూస్తాను' అని జవాబు ఇచ్చాను. పనిలేక ఖాళీగా కూర్చుని కాదు. ఆరు కమిటీల్లో ఉన్నాను. హాస్టలు, పరీక్షలు, సిలబసు, రెండు సెమినార్లు. ఫోనులో నా క్యాలెండరు తెరిస్తే తెల్ల గడి కనబడేది కాదు. ఆ సంగతి నలుగురికీ చూపించి కాస్త గొప్పగా నిట్టూర్చడం కూడా అలవాటైంది.

ఫోన్ చేస్తే నాగవేణి ఎత్తలేదు. కాసేపటికి మెసేజ్ వచ్చింది: 'పరవాలేదు మేడమ్. మీరు బిజీగా ఉంటారు. ఇన్నాళ్లూ సాయం చేసినందుకు కృతజ్ఞతలు.' ఆ కృతజ్ఞతలు అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

"పది రోజులు ఆపగలను మేడమ్, అంతకు మించితే నాకు మాటొస్తుంది" అన్నారు సూర్యనారాయణగారు. నాలుగు రోజులు సెలవు పెట్టి, ఆ నూట అరవై పేజీలు సంచిలో వేసుకుని రైలెక్కాను. దారిలో చదువుదామనుకున్నాను. ముప్పై మెయిళ్లకు జవాబులిచ్చి నిద్రపోయాను. చదివిందల్లా చివరి రెండు పేజీలు, ఆమె మాట్లాడిన మనుషుల జాబితా.

ఆదోని, ఉగ్గాని

నేరుగా ఎమ్మిగనూరు వెళ్లవచ్చు. చదవకుండా ఆ అమ్మాయి ముందు నిలబడే ధైర్యం లేక ఒక రోజు ఆదోనిలో ఉండిపోయాను. నిజం అదే.

పొద్దున్నే స్టేషను బయట ఒక చిన్న హోటల్లో టిఫిను. ఈ ఊళ్లో ఇడ్లీ అడిగేవాళ్ల కంటే ఉగ్గాని అడిగేవాళ్లే ఎక్కువ. బొరుగులు నీళ్లలో తడిపి, నీరు పిండేసి, ఉల్లిపాయ, పసుపుతో తాలింపు వేసి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. ముప్పై రూపాయలు. మా వైపు బొరుగులంటే సాయంత్రం కాలక్షేపానికి కొనుక్కునే పొట్లమే. పొద్దున్న ఇంత కడుపు నింపగలవని నాకు తెలియదు. గుంటూరు దాన్ని గదా అన్న ధీమాతో బజ్జీ సగం ఒకేసారి కొరికాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. హోటలాయన మజ్జిగ గ్లాసు తెచ్చి పెట్టాడు.

"ఏ ఊరమ్మా?"

"గుంటూరు."

"గుంటూరోళ్లకు ఈ కారమేమిటికి లెక్కమ్మా," అని నవ్వి, మజ్జిగకు డబ్బు తీసుకోలేదు.

పత్తి యార్డుకు ఆటోలో వెళ్లాను. షెడ్ల కింద వరసగా తెల్లటి కుప్పలు, ఒక్కో కుప్ప పక్కన ఒక్కో రైతు. వ్యాపారులు గుప్పెడు పత్తి తీసి, రెండు వేళ్ల మధ్య పీచు లాగి, పొడుగు చూసి, వదిలేసి ముందుకు పోతున్నారు. ఒక పెద్దాయన తెల్లవారుజాము నుంచి అక్కడే కూర్చున్నాడట. టీ తాగి రావచ్చు గదా అంటే తల అడ్డంగా ఊపాడు.

"నేను అట్ల పోయినప్పుడే వాళ్లు వస్తారమ్మా. ఏడాది కష్టం ఉండాది ఈ కుప్పలో. రొంతసేపు కూసుంటే ఏం పోయింది?"

ఆయనతో మాట్లాడుతుండగా నా ఫోను మోగింది. సిలబసు కమిటీ. వెనక్కి తిరిగి మాట్లాడుతూ, చేతిబండి వచ్చే దారిలో నిలబడ్డానని గమనించలేదు. బస్తాలు తోసుకొస్తున్న హమాలీ బండి ఆపి, ఓపికగా, "పక్కకు రాండి మేడమ్. ఫోను యాడికీ పోదు," అన్నాడు. ఫోను ఆపి పక్కకు వచ్చేసరికి పెద్దాయన కుప్ప దగ్గర బేరం అయిపోయింది. ఎంతకు పోయిందో ఆయన ముఖం చూసి చెప్పలేకపోయాను. అడగబుద్ధి కాలేదు.

లక్ష్మక్క

జాబితాలో మొదటి పేరు లక్ష్మక్క. ముప్పై ఒక్క ఏళ్లు జిన్నింగు మిల్లులో పనిచేసి మానుకున్న మనిషి. ఇల్లు కోట కొండ దిగువన ఒక సందులో. ఆటో పోదు. రాళ్ల మెట్ల మీద నా చెప్పు తెగింది. దాన్ని చేత్తో పట్టుకుని, ఒంటి చెప్పుతో ఆమె గుమ్మం ముందు నిలబడ్డాను.

సన్నగా, నిటారుగా ఉంది. డెబ్బై దాటి ఉంటాయి. నాగవేణి పేరు చెప్పగానే మంచం మీద దుప్పటి సర్ది కూర్చోబెట్టింది.

"నువ్వేనా ఆ పాప మేడమ్? నీ గురించి శానా చెప్పింది. బుక్కు ఎప్పుడొస్తాదమ్మా?"

ఇంకా పని ఉందని నసిగాను.

"ఆ రాయి కథ బాగ రాసినాదా? నువ్వు చదివింటావు గదా."

అక్కడ ఒక అబద్ధం ఆడడం చాలా తేలిక. కొత్తేమీ కాదు నాకు, సమావేశాల్లో చదవని నివేదికల మీద ఎన్నోసార్లు తల ఊపాను. ఆమె ముందు మాత్రం నోరు రాలేదు.

"లేదమ్మా. ఇంకా చదవలేదు."

"ఇచ్చి ఎన్నాళ్లయింది?"

"పది నెలలు."

కోప్పడుతుందనుకున్నాను. ఆమె లేచి లోపలికి పోయి, నా చెప్పుకు ఒక పిన్నీసు, నాకు ఒక గ్లాసు టీ తెచ్చి ఇచ్చి, ఎదురుగా నేల మీద కూర్చుంది. "సంచిలో ఉండాది గదా. ఇప్పుడు చదువు. నేను యాడికీ పోను."

అలా, నా పరిశోధక విద్యార్థిని రాసిన మూడో అధ్యాయం, చదువు రాని ఒక మిల్లు కూలీ ముందు, బిగ్గరగా చదివాను. లక్ష్మక్క పనిచేసిన గదిలో ఇరవై నాలుగు మిషన్లు ఉండేవని, వాటిని ఆమె అంకె చూడకుండా, ఒక్కోదాని దగ్గులాంటి చప్పుడుతోనే గుర్తుపట్టేదని నాగవేణి రాసింది. పత్తిలో రాయి కలిసి వస్తే మిషను చప్పుడు మారుతుంది. రాయి ఇనుముకు తగిలి నిప్పు రేగితే గదిలో ఉన్న దూది అంతా అంటుకుంటుంది. ఒక మధ్యాహ్నం లక్ష్మక్క ఆ చప్పుడు విని, ఇంకెవరికీ ఏమీ వినిపించకముందే అరిచి, బెల్టు ఆపించి, అందరినీ బయటికి తోలింది. దూది సగం కాలిపోయింది. మనిషి ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. మర్నాడు యజమాని మేస్త్రీకి కొత్త పంచె పెట్టాడు, ప్రమాదం కనిపెట్టినందుకు.

"పదమూడో మిషను అని రాసినాదా?" అని ఆపింది లక్ష్మక్క.

"అవును."

"కాదు. పదకొండు. పదమూడు మాతో పనిచేసిన నాగమ్మది. దిద్దు."

సంచిలోంచి పెన్సిలు తీసి దిద్దాను. పది నెలల్లో ఆ కాగితాల మీద నేను పెట్టిన మొదటి గీత అది.

"అంత రొదలో మీకెలా వినబడేదమ్మా?" అని అడిగాను.

"దాని ముందర కూసున్నప్పుడు దాన్నే వింటాంటి. ఇంగేం వింటా?" అంది. ఆమెకు అందులో చెప్పుకోవలసినదేమీ కనబడలేదు. "మేస్త్రీ మంచోడే. పోయినాడు పాపం. కానీ పంచె ఆయనకు వచ్చినాది, నాకు రాలేదు. పాప ఏం చెప్పిందంటే, బుక్కులో నా పేరుంటాదంట. నాకు చదవను రాదు. మా మనవరాలు చదువుతాది," అంది.

ఆమె ఇంట్లోంచి వచ్చాక కొండ దిగువ మసీదు దాటి, చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఆగాను. ఇరవై రూపాయలు. ఆయన కుడుతున్నంతసేపూ నేను అక్కడి ముక్కాలి పీట మీద కూర్చుని తర్వాతి పేజీలు చదివాను. ఆ సాయంత్రం లాడ్జి గదిలో ఫోను ఆపి, మిగతా అధ్యాయం పూర్తి చేశాను. అంత మంచి రచన నా చేతికి వచ్చి చాలా ఏళ్లయింది. దాన్ని బల్ల మీద టీ కప్పు కింద పెట్టాను. మొదటి పేజీ మీద ఆ గుండ్రటి మరక ఉంది.

పెద్దకడుబూరు, ఎక్కకూడని బస్సు

రెండో రోజు పొద్దున ఆదోని బస్టాండులో నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ముందు రోజు అంత జరిగాక కూడా, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక సమావేశంలో చేరాను. అధ్యాపకులకు సమయపాలన మీద శిక్షణ ఎలా ఇవ్వాలన్నది చర్చ. బస్సు బోర్డు సగం చూసి ఎక్కాను. కండక్టరు ఏదో అడిగాడు, ఆధార్ కార్డు చూపించి తల ఊపాను. ఆడవాళ్లకు ఇప్పుడు ఉచితం గదా, సున్నా టికెట్టు చేతిలో పెట్టి పోయాడు. అందులో ఏ ఊరి పేరు ఉందో కూడా చూడలేదు.

గంట తర్వాత బస్సు ఆగింది. అందరూ దిగారు.

"ఎమ్మిగనూరేనా?" అని అడిగాను.

"పెద్దకడుబూరు మేడమ్. నేను అడిగితిని గదా, మీరు ఊ అంటిరి," అన్నాడు కండక్టరు. పాపం, తన తప్పేమోనన్నట్టు నా సంచి తనే దించి, ఎమ్మిగనూరు బస్సు ఎక్కడ ఆగుతుందో చూపించి, ఇంకో గంటన్నర పడుతుందని చెప్పాడు.

రోడ్డు పక్కనే పత్తి చేను. ఎనిమిది మంది ఆడవాళ్లు నడుములకు గుడ్డ జోలెలు కట్టుకుని పత్తి తీస్తున్నారు. గట్టు మీద నిలబడి చూస్తున్న నన్ను వాళ్లలో పెద్దావిడ పిలిచింది. పేరు రంగమ్మ.

"బస్సు తప్పినాదా? ఎండలో ఏమిటికి నిలబడతావు, ఇట్ల రా."

నేనూ తీస్తానన్నాను. నవ్వారు. ఒక జోలె కట్టారు. కాయ పగిలి ఎండిన డిప్ప కొసలు ముల్లులా ఉంటాయని అప్పుడే తెలిసింది. పది నిమిషాల్లో వేళ్ల చివర గీతలు పడ్డాయి. పైగా నేను తీసిన పత్తిలో సగం ఎండాకు. రంగమ్మ నా జోలెలోంచి గుప్పెడు తీసి చూపించింది.

"బిర్న బిర్న పీకితే ఆకు వస్తాది. ఆకుంటే ఆదోనిలో రేటు కోస్తారు. ఒక్కో కాయ చూసి తీయల్ల."

"మీరు ఇంత వేగంగా తీస్తున్నారు గదా?"

"చూసే తీస్తాండా."

నా జోలెలో ఉన్నదంతా గట్టు మీద పోయించి, ఆకు ఏరించింది. నా చేత ఎవరైనా అలా పని మళ్లీ చేయించి చాలా కాలమైంది. బాగుంది.

పదకొండున్నరకు తిండి మూటలు విప్పారు. జొన్న రొట్టె, గురెళ్ల కారం, ఉల్లిపాయ. గురెళ్లు నల్లగా నువ్వుల్లా ఉండే గింజలు, వేయించి వెల్లుల్లితో దంచుతారు. మా వైపు అన్నం లేకుండా పూట గడవదు, అక్కడ రొట్టె లేకుండా గడవదు. ఒకటి చాలంటే వినలేదు, రెండోది ఒళ్లో పెట్టారు. నాది గుంటూరని చెప్పగానే రంగమ్మ నమలడం ఆపింది.

"గుంటూరా? ప్రతి ఏడూ వస్తాం గదా, మిరపకాయలు తెంచను. సంకురాత్రి దాటితే ఊరు ఊరంతా లారీలెక్కి ఆడికే. రెండు నెలలు మీ చేన్లలోనే గుడిసెలేసుకుని ఉంటాం."

నాకు తెలుసు. ప్రతి ఫిబ్రవరిలో విశ్వవిద్యాలయానికి వెళ్లే దారిలో ఆ గుడిసెలు కనబడతాయి. కారు కిటికీలోంచి చూస్తూ, ఫోనులో మాట్లాడుతూ వెళ్లిపోతాను. పంతొమ్మిదేళ్లలో ఒక్కసారీ దిగలేదు. ఆ మాట రంగమ్మతో అన్నాను.

"నీకు పని ఉంటాది గదమ్మా," అంది మామూలుగా. "ఈసారి దిగు. ఆ దారిలోనే చెరువు కట్ట తట్టు ఉంటాం. రొట్టె పెడతా."

ఎమ్మిగనూరు బస్సు వస్తుంటే అందరూ కలిసి చేతులూపి ఆపారు. ఈసారి కండక్టరు అడగకముందే ఊరి పేరు చెప్పాను.

ఎమ్మిగనూరు, మగ్గం ఆగిన మధ్యాహ్నం

నాగవేణి ఇల్లు ఉన్న వీధిలోకి తిరగ్గానే మగ్గాల చప్పుడు వినబడింది. అన్ని ఇళ్లలోనూ కాదు, మూడు నాలుగు ఇళ్లలోనే. తలుపు తెరిచింది నాగవేణే. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, నవ్వలేదు. "రాండి మేడమ్" అని పక్కకు తప్పుకుంది.

ముందు గదిలోనే గుంత మగ్గం. గుంతలో కాళ్లు పెట్టుకుని వాళ్ల నాన్న ఈరన్న నేస్తున్నాడు. తల ఎత్తి చూసి, మళ్లీ పనిలో పడ్డాడు. వాళ్లమ్మ లోపల్నుంచి మజ్జిగ తెచ్చింది. ముందు తినమంది, తినే వచ్చానంటే మా ఇంట్లో తినలేదు గదా అంది. ఇంకో రొట్టె తిన్నాను.

తర్వాత నాగవేణి నా ఎదురుగా చాప మీద కూర్చుంది.

"ఎందుకు మానేస్తున్నావమ్మా?" అన్నాను.

"ఈడ ప్రైవేటు కాలేజీలో ఒక పూట క్లాసులు చెప్తాండా మేడమ్. పరవాలేదు."

"అది కాదు."

ఆమె చాప అంచు పీచు లాగింది. "నేను బాగ రాయలేదనుకుంటి మేడమ్. బాగ లేదని చెప్పలేక మీరు పలకలేదనుకుంటి. నాలుగైదు నెలలు మళ్లా మళ్లా చదువుకుంటి, యాడ తప్పుందో తెలుస్తాదేమోనని. తెలీలేదు."

"నాగవేణీ, నేను చదవలేదు. అప్పటికి బాగుందో లేదో నాకే తెలియదు. నిన్నటి దాకా ఒక్క పేజీ తిప్పలేదు."

ఆమె తల ఎత్తింది. అది ఊరట కలిగించే మాట అవుతుందనుకున్నాను. కాలేదు.

"మరి దరఖాస్తు మీద సంతకం పెట్టినారు గదా? ఒక్క మాటన్నా అడుగుతారని ఎదురుచూస్తి."

"అది కూడా చదవలేదు."

మగ్గం ఆగింది. ఈరన్న చేతులు దారాల మీదే ఉన్నాయి. మేం ఇద్దరం అటు చూశాం.

"చూడమ్మా," అన్నాడాయన. గొంతు పెంచలేదు. "మాకు నేసేది వచ్చు, నేస్తాం. మీకు చదివేది వచ్చు. చదివేటోళ్లు చదవకపోతే ఎట్ల?"

నాగవేణి లేచి లోపలికి వెళ్లిపోయింది. మగ్గం మళ్లీ మొదలైంది. నేను ఆ చాప మీదే కూర్చున్నాను. వెళ్లిపొమ్మని ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు. సంచిలోంచి నాలుగో అధ్యాయం తీసి మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. మెప్పించడానికి కాదు. అక్కడ నేను చేయగలిగిన పని అదొక్కటే ఉంది. ఫోను రెండుసార్లు మోగితే ఆపేశాను. పేజీ అంచుల్లో పెన్సిలుతో రాసుకుంటూ పోయాను. ఇక్కడ ఆధారం కావాలి. ఈ వాక్యం రెండుగా విరిస్తే మంచిది. ఇక్కడ లక్ష్మక్క గొంతు పోయి నీ గొంతు వచ్చింది, చూసుకో.

ఎంతసేపయిందో తెలియదు. పక్కన ఒక గ్లాసు టీ పెట్టిన చప్పుడు. నాగవేణి నా భుజం మీదుగా పేజీ అంచులు చూస్తోంది.

"ఈడ గొంతు మారలేదు మేడమ్. అది నాగమ్మ చెప్పింది. పేరు రాయడం మరిచిపోతి."

"అయితే రాయి."

ఆమె కూర్చుంది. పెన్ను తెచ్చుకుంది.

అరుగు మీద రెండు పూటలు

మూడో రోజంతా వాళ్ల ఇంటి అరుగు మీద చదివాం. ఒక్కో పేరా ఆమె చదివేది, నేను అడిగేదాన్ని, ఆమె ఒప్పుకునేది, లేదా ఒప్పుకునేది కాదు. ఎక్కువసార్లు ఒప్పుకోలేదు. నేను పరిశోధన మొదలుపెట్టిన రోజుల్లో మా గురువుగారు నాతో అలాగే కూర్చునేవారు. ఆయన దగ్గర నేర్చుకున్న పద్ధతి నా చేతుల్లో ఇంకా మిగిలి ఉందని ఆ రోజు తెలిసి సంతోషం వేసింది. ఎదురింటి అవ్వ మధ్యమధ్య వచ్చి, ఇంకా అయిపోలేదా అని చూసి పోయేది. నాగవేణి వాళ్లమ్మ మధ్యాహ్నం కొర్రన్నం, గోంగూర పప్పు చేసింది. గోంగూర పుల్లగా ఉందా అని అడిగింది. మా గోంగూర కంటే బాగుందని గుంటూరు మనిషినై ఉండి కూడా ఒప్పుకున్నాను.

సాయంత్రం నాగవేణి తన షరతులు చెప్పింది. మళ్లీ యూనివర్సిటీ హాస్టలుకు రాదు. ఇక్కడే ఉండి, ఒక పూట కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ రాస్తుంది. ఏదైనా పంపితే పదిహేను రోజుల్లో అంచుల్లో రాసి తిరిగి రావాలి. వారంలో ఒక రోజు, ఒక గంట, ఫోనులో మాట్లాడాలి.

"ఆ గంటలో ఇంకెవరి ఫోనూ ఎత్తకూడదు మేడమ్."

"సరే."

"తొందరపడి సరే అనొద్దు. మీకు అయితాదా చూసుకోండి."

ఆమె చెప్పింది న్యాయమే. క్యాలెండరు తెరిచి చూశాను. ఆ గంట పెట్టడానికి నిజంగానే చోటు లేదు. అరుగు మీద కూర్చునే డీన్ గారికి ఫోన్ చేసి, రెండు కమిటీల నుంచి తప్పించమని అడిగాను. ఆయన ఆరోగ్యం బాగాలేదా అని అడిగారు. బాగానే ఉంది, నా దగ్గర చదవవలసినవి ఉన్నాయి అన్నాను. ఆయనకు అర్థమైనట్టు లేదు గానీ, సరే అన్నారు. ఇన్నేళ్లుగా ఇది ఇంత తేలికని నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఈరన్న మగ్గం దిగి వచ్చి అరుగు చివర కూర్చున్నాడు. నాతో ఆయన అన్న రెండో మాట, "రాత్రికి ఓళిగలు చేయమని చెప్పినా. తిని పోదురు." బొబ్బట్లను అక్కడ ఓళిగలంటారు.

చివరి ఉదయం

తిరిగి వచ్చాక ఏమైందో ముందే చెప్పేస్తాను. సూర్యనారాయణగారు ఆపి ఉంచిన దరఖాస్తును నాగవేణి ఉత్తరంతో వెనక్కి తీసుకున్నాం. ఆయన ఆ ఫైలు ఆపకపోతే ఏమయ్యేదో తలుచుకోను. ఆయనకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియక, ఇప్పుడు ఆయన తెచ్చే ప్రతి కాగితం కూర్చుని చదివి సంతకం పెడుతున్నాను. ఆయనకది విసుగ్గానే ఉన్నట్టుంది. గురువారం నాలుగింటికి ఆ గంట నడుస్తోంది. మధ్యలో రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ నాగవేణి నన్ను ఊరికే వదల్లేదు. ఫిబ్రవరిలో చెరువు కట్ట దగ్గర కారు ఆపి దిగాను. రంగమ్మ రొట్టె పెట్టింది.

ఇక ఆ నాలుగో రోజు ఉదయం. ఎమ్మిగనూరు బస్టాండుకు నాగవేణి నాతో వచ్చింది. పరిశోధన కొనసాగిస్తానన్న ఉత్తరం కవరులో పెట్టి ఇచ్చింది. కాలేజీకి వేళవుతోందని సైకిలు ఎక్కబోయి, ఆగింది.

"మేడమ్, అందులో ఇంకొకటి ఉండాది. శానా రోజుల కింద రాసింది. ఇయ్యను భయమయింది. బస్సులో చూసుకోండి."

ఆమె వెళ్లాక సిమెంటు బెంచీ మీద కూర్చుని కవరు విప్పాను. ఉత్తరం వెనక మూడు కాగితాలు, రెండు వైపులా సన్నటి చేతిరాత. పదకొండేళ్ల కిందట నేను ఆదోని పత్తి వ్యాపారం మీద ఒక వ్యాసం అచ్చు వేశాను. ఊరు చూడకుండా, పాత రికార్డులు ముందేసుకుని రాసింది. దానికి మంచి పేరు వచ్చింది, ఉద్యోగంలో ఒక మెట్టు ఎక్కించింది కూడా. నాగవేణి దాన్ని పేరా పేరా చదివింది. మిల్లులో ఆడవాళ్లకు కూలి తూకం మీద ఇచ్చేవారని నేను రాసిన చోట, కాదు, రోజు లెక్కన, అని రాసి, చెప్పిన నలుగురి పేర్లు ఇచ్చింది. ఒక వీధిని నేను ఊరికి అటువైపు పెట్టాను, అది ఇటువైపు ఉందని చిన్న పటం గీసింది. ఒకచోట, ఈ వాక్యం చాలా బాగుంది, దీనివల్లే నేను మీ దగ్గర చేరాను, అని రాసింది.

ఆ వ్యాసాన్ని ఎంతోమంది మెచ్చుకున్నారు. చదివిన మనిషి ఒకరున్నారని నాకు ఆ బెంచీ మీద తెలిసింది.

ఆదోని బస్సు వచ్చి నిలబడింది. ఎక్కమని కండక్టరు పిలిచాడు. ఇంకా రెండు పేజీలున్నాయి, మీరు పోండి అన్నాను.